కదిలిన పరావలయం

గుంటూరు జిల్లాలో పద్దెనిమిదేళ్లు గణితం చెప్పి, జె-1 అనే మార్పిడి వీసా మీద మూడేళ్లకు అమెరికాలోని అరిజోనాలో ఒక ఉన్నత పాఠశాలకు వచ్చిన నన్ను మొదటి నెలలో ఇంగ్లీషు యాస కన్నా తరగతి గోడకున్న తెర ఎక్కువ ఇబ్బంది పెట్టింది. నల్లబల్లకు చెయ్యి ఆనించి రాయడం నా అలవాటు. ఆ స్మార్ట్ బోర్డు అరచెయ్యి తగిలితే దాన్ని డస్టరుగా లెక్కవేస్తుంది. రాసిన అంకెలను నా చెయ్యే చెరిపేస్తుంటే పిల్లలు రెండు రోజులు మర్యాదగా ఊరుకున్నారు. మూడో రోజు ఒక అమ్మాయి లేచి వచ్చి, మణికట్టు ఎలా ఎత్తిపట్టాలో చూపించింది. గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఇంటిపని పెట్టడం, మార్కులు ఎక్కించడం వారంలోనే పట్టుబడ్డాయి.

అసలు పేచీ కాలిక్యులేటరుతో వచ్చింది. పదో తరగతి పరీక్ష గదిలో దాన్ని చూస్తే లాక్కునే వృత్తిధర్మంలో పెరిగినవాణ్ణి నేను. ఇక్కడ 2024 వసంతంలో కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్.ఎ.టి. పరీక్ష కంప్యూటరు మీదికి మారింది. గణిత విభాగమంతటా కాలిక్యులేటరు వాడుకోవచ్చు, గ్రాఫులు గీసే డెస్మోస్ పరీక్ష తెరలోనే ఉంటుంది. వర్గ సమీకరణాన్ని టైపు చేసి, వక్రం అడ్డు అక్షాన్ని ఎక్కడ ఖండించిందో చూసి మూలాలు చెప్పేసే కుర్రాడికి కారణాంకాల పద్ధతి ఎందుకు నేర్చుకోవాలో నేను నచ్చజెప్పలేకపోయాను. కోపంతో కొన్నాళ్లు పిల్లల ల్యాప్‌టాపులైన క్రోమ్‌బుక్‌లు మూయించిన మాట నిజమే. అది పంతమే తప్ప బోధన కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

నా పంతం సడలింది ఒక స్లైడరు వల్ల, అంటే డెస్మోస్‌లో అంకె విలువను జరిపి మార్చే మీట వల్ల. వై = ఎక్స్² + బి ఎక్స్ అని టైపు చేసి, బి విలువను మైనస్ 4 నుంచి 4 దాకా జరుపుతున్నాను. పరావలయం పక్కకు జరుగుతుందని చెప్పబోయేంతలో వెనక బెంచీ కుర్రాడు, "అది పక్కకు పోవడం లేదు, కిందికి దిగి మళ్లీ పైకి వస్తోంది" అని అందరినీ నవ్వించాడు. అతడు చెప్పినదాన్ని సవరిస్తే, శీర్షం, అంటే వక్రం మలుపు తిరిగే బిందువు, ముందు పైకెక్కి, మూలబిందువును తాకి, తర్వాత కిందికి దిగుతోంది. అంటే ఆ శీర్షమే బోర్లించిన మరో పరావలయం మీద నడుస్తోంది. సుద్దముక్కతో వేల వక్రాలు గీసినా ఒక్కొక్కటి విడిగా నిలిచిపోయిన బొమ్మే కాబట్టి నాకెప్పుడూ ఇది కనబడలేదు. ఆ రాత్రి కాగితం మీద చూస్తే రెండే పంక్తుల లెక్క: శీర్షం అడ్డుకొలత మైనస్ బి/2, నిలువుకొలత మైనస్ బి²/4, కనుక దాని దారి వై = మైనస్ ఎక్స్².

మర్నాడు క్రోమ్‌బుక్‌లు మూయించి ఈ ఋజువు చేయిస్తే ఎందుకని ఎవరూ అడగలేదు. గంట కొట్టాక ఆ కుర్రాడే వచ్చి, బి కాక ఎక్స్² ముందున్న గుణకాన్ని జరిపితే శీర్షం సరళరేఖ మీద పోతోందని తెర చూపించాడు. ఋజువు చేసి సోమవారం తెమ్మన్నాను, కాగితం మీద.