అస్తరు

మా పాప ఏడో క్లాసులో ఉన్నప్పటి సంగతి ఇది, 2023 మార్చి. స్కూల్లో హెరిటేజ్ డే అని పెట్టారు, ఎవరి ఊరి బట్టలు వాళ్ళు వేసుకుని రావాలి. నేను వారం ముందే పెట్టె తీసి, బందరు నుంచి మా అమ్మ పంపిన పట్టు లంగా (నాకు 13 ఏళ్ళప్పుడు కుట్టించింది) ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కి తగిలిస్తే, ఆ పిల్ల ఒక్కసారి చూసి నేను వేసుకోను అంది. ఎందుకే అంటే, అది నాది కాదమ్మా నీది, అంది. తెలుగులో అనలేదులెండి, ఇంగ్లీషులో అంది, అందుకే ఇంకాస్త గట్టిగా తగిలింది. నిజానికి తప్పేమీ అనలేదు, ఆ లంగా నాదే. కానీ కోపంలో ఉన్నప్పుడు ఇవన్నీ తోచవు కదా, రెండ్రోజులు మాటల్లేవు మా మధ్య.

మేముండేది అమెరికాలో, కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో. ఇక్కడ ఇరానీలు చాలా ఎక్కువ, పాప క్లోజ్ ఫ్రెండ్ వాళ్ళది ఇరాన్‌లోని ఇస్ఫహాన్. నౌరూజ్ (వాళ్ళ కొత్త సంవత్సరం) వస్తోందని ఆ పిల్ల వాళ్ళమ్మ లాస్ ఏంజెలెస్ వెస్ట్‌వుడ్‌కి షాపింగ్‌కి వెళ్తూ మీరూ రండి అంది, సరే ఇంట్లో మొహాలు ముడుచుక్కూర్చునే కంటే నయం కదా అని బయల్దేరాం. కుంకుమపువ్వు ఐస్‌క్రీమ్ తిన్నాక అక్కడే యూసీఎల్ఏ యూనివర్సిటీలో ఉన్న ఫౌలర్ మ్యూజియంకి తీసుకెళ్ళింది, టికెట్ లేదు, ఉత్తినే చూడొచ్చు. అప్పుడు అక్కడ అమీర్ ఫల్లాహ్ అనే చిత్రకారుడి బొమ్మలు పెట్టారు.

ఈయన 1979లో టెహ్రాన్‌లో పుట్టాడు, అంటే సరిగ్గా విప్లవం వచ్చిన ఏడాది. ఇరాన్-ఇరాక్ యుద్ధం రోజుల్లో చిన్నపిల్లాడిగా ఉండగానే ఇంట్లోవాళ్ళు దేశం వదిలి టర్కీ, ఇటలీ మీదుగా అమెరికా చేరారు. ఇక్కడ స్కేట్‌బోర్డులూ కామిక్సూ మధ్య పెరిగి, టీనేజ్‌లోనే జిరాక్స్ కాయితాలతో సొంతంగా ఒక మ్యాగజైన్ మొదలెట్టాడు. ఆయన చేసే పోర్ట్రెయిట్లలో మొహం కనపడదు. ఎవరి బొమ్మ వేస్తున్నాడో వాళ్ళింటికెళ్ళి, వాళ్ళింట్లో ఉన్న దుప్పట్లూ చీరల్లాంటి గుడ్డలూ తల మీంచి కప్పేసి, వాళ్ళ సామాన్లే చుట్టూ పెట్టి ఫోటో తీసి, దాన్నుంచి పెయింట్ చేస్తాడు. నేను మొదట బురఖా గురించేమో అనుకున్నాను, ఇరాన్ అనగానే మన బుర్ర అటే పోతుంది. కానీ కప్పింది పూల దుప్పటి, కింద కనపడేది మొక్కల కుండీలూ పుస్తకాలూ. మొహం, ఒంటి రంగు చూసి మనిషిని లెక్కేసే అవకాశం ఇవ్వడు, వాళ్ళింటి గుడ్డల్ని బట్టి నువ్వే పోల్చుకో అన్నట్టుంటుంది. ఇంకో రకం బొమ్మల్లో పర్షియన్ మీనియేచర్లూ, కార్టూన్లూ, పాత బొటనీ పుస్తకాల పూలూ అన్నీ ముందు కంప్యూటర్‌లో కొలాజ్‌లా పేర్చి, తర్వాత చేత్తో రంగులేస్తాడు. కొన్నింట్లో కొడుక్కి చదివి వినిపించిన పిల్లల పుస్తకాల్లోంచి తీసుకున్న బొమ్మలుంటాయి, వాడికి చెప్పాలనుకున్న మాటలు కూడా వాటిలోనే పెడతాడు. అది చదివి నాకు కొంచెం కుళ్ళు కూడా పుట్టింది, నేను చెప్పాలనుకున్నది లంగా ఇస్త్రీ చేసి చెప్పబోయి తన్నులు తిన్నాను, ఈయన చూడు ఎంత సుఖంగా చెప్పాడో అని.

పాప ఒక పెయింటింగ్ ముందు పావుగంట నిలబడింది. ఫోన్ కూడా తియ్యలేదు.

తిరిగొచ్చేప్పుడు ఆవిడింటి దగ్గర టీకి దిగాం. టేబుల్ మీద పరిచిన గుడ్డ చూసి నేను ఇది మా పెడన కలంకారీలా ఉందే అన్నాను, ఆవిడ నవ్వి కాదు కాదు ఇస్ఫహాన్ కలంకార్ అంది. ఇక ఇద్దరికీ పిచ్చెక్కింది. పేరులో కలం ఉంది గానీ అక్కడా చెక్క అచ్చులే, బందరు పక్కన పెడనలోనూ చెక్క అచ్చులే, కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. మా దగ్గర గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచుతారు అంటే వాళ్ళు దానిమ్మ తొక్క వాడతారంది. గోల్కొండ సుల్తానులు ఇరాన్ నుంచొచ్చిన వంశమే, వాళ్ళ రేవు మా బందరే, కాబట్టి మాటలూ గుడ్డలూ అటూ ఇటూ తిరగడంలో వింతేం లేదు. దర్జీ, జరీ, శాలువా, రుమాలు ఒక్కొక్కటీ అంటుంటే ఆవిడ తలూపుతూనే ఉంది. రుమాలు అంటే మొహం తుడుచుకునేది అని వాళ్ళ భాషలో అచ్చంగా అర్థమట, నాకు ఇన్నేళ్ళూ తెలీదు. అస్తరు అన్నాను, లోపల వేసే లైనింగ్ గుడ్డ. ఆస్తర్! అని అరిచింది. మా అమ్మ తప్ప ఇప్పుడు ఎవరూ వాడని మాట అది, అర్వైన్‌లో ఒక ఇస్ఫహాన్ ఆవిడ నోట విన్నాను. స్వచ్ఛమైన మన సంప్రదాయ దుస్తులు అని వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు పంపే మా పెదనాన్నగారికి ఈ లిస్టు పంపాలనుకుని, ఎందుకులే గొడవ అని ఊరుకున్నా.

అసలు సంగతి మర్నాడు జరిగింది. నేను ఆఫీస్ కాల్‌లో ఉండగా పాప ఆ లంగాకి కత్తెర పెట్టేసింది. వచ్చి చూస్తే నేల మీద పట్టు ముక్కలు, కాస్ట్‌కో బియ్యం బస్తా ముక్క, తన పాత సాకర్ జెర్సీ, ఉగాది పంచాంగం అట్ట. నోట మాట రాలేదు. అరిచాను, ఏడ్చాను, అదీ ఏడ్చింది, అవన్నీ మామూలే. కాసేపటికి అట్ట మీద అతికించింది చూశాను. కుర్చీలో ఎవరో కూర్చున్నారు, మొహం మీద నుంచి గుడ్డ కప్పేసుంది, చేతిలో టీ కప్పు, కాళ్ళకి నా చెప్పులు.

"ఇది నువ్వా?"

"కాదు, నువ్వు."

పట్టుని తిరగేసి అతికించింది, జరీ లోపలికి పోయి వెనకవైపు దారాలు, కుట్లు, అస్తరు ముక్క పైకి కనపడుతున్నాయి. తప్పుగా అంటించావే అన్నాను. ఇటువైపే బాగుంది అంది. హెరిటేజ్ డేకి జీన్స్ వేసుకుని ఆ అట్ట పట్టుకెళ్ళింది. బట్టలు వేసుకుని రమ్మంటే బొమ్మ తెచ్చిందని టీచర్ ఏమైనా అంటుందేమో అని భయపడ్డా గానీ ఏం అనలేదట.

మా అమ్మకి చెప్పాలంటే ప్రాణం పోయింది. ఫోటో పంపి పది నిమిషాలు ఫోన్ బోర్లా పెట్టేశాను. వీడియో కాల్ వచ్చింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫోటో పెద్దది చేసి, చేసి చూస్తోంది.

"ఆ అస్తరు గుడ్డ పోల్చుకున్నావా? అది నా గళ్ళ నేత చీర. నీకు లంగా కుట్టించినప్పుడు అస్తరుకి కొత్త గుడ్డ కొనడం ఎందుకని దాన్నే చింపి ఇచ్చా దర్జీకి."

"నాకు చెప్పనే లేదేంటమ్మా?"

"అస్తరు సంగతి ఎవరు చెప్తారే? సరే గానీ మిగతా పట్టు ఏం చేసింది, పారేసిందా? పారెయ్యొద్దను, రెండు దిండు గలీబులొస్తాయి."