షుగర్ ఉన్న నాకు భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్

నిద్రలో కుడివైపు ఒత్తిగిలితే చాలు, భుజంలో పోటు పొడిచి మెలకువ వచ్చేసేది. పగలు ఎలాగో గడిచిపోయేది గానీ రాత్రంటేనే భయం. దువ్వెన పట్టుకున్న చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయేది. నాలుగు నెలలు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చి, ఇక లాభం లేదని ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

ఆయన నా మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని మెల్లగా బయటికి తిప్పారు. కొంచెం తిరిగి ఆగిపోయింది. నేనే బిగపడుతున్నానేమోనని వదులు చేశాను. అయినా కదల్లేదు. "మీరు ఆపట్లేదమ్మా, కీలే బిగుసుకుంది" అన్నారు. ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ లేదు. ఫ్రోజెన్ షోల్డర్. భుజం కీలు చుట్టూ ఉండే పొర వాచి, మందమై, పట్టేస్తుంది. 40 నుంచి 60 ఏళ్ళ మధ్యవాళ్ళలో ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. నాకు షుగర్ వచ్చి ఎనిమిదేళ్ళు.

నొప్పి ఎక్కువగా ఉన్న ఈ దశలోనే ఇంజెక్షన్ బాగా పనిచేస్తుందని చెప్పారు. స్టెరాయిడ్ అనగానే నాకు గుండె దడదడలాడింది. దానికి కారణముంది. రెండేళ్ళ కిందట మడమ నొప్పికి వేరే ఒకచోట ఇదే మందు వేశారు. షుగర్ ఉందా అని ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తెలియదు. మూడో రోజు మీటర్‌లో 340 కనిపిస్తే మీటర్ పాడైందనుకొని కొత్త స్ట్రిప్ పెట్టి మళ్ళీ చూశాను. మళ్ళీ అంతే. ఆ రెండు రోజులు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఈ మందు వేశాక కొన్ని రోజులు షుగర్ పెరగడం మామూలేనని ఎవరైనా ఒక్క మాట ముందు చెప్పి ఉంటే సరిపోయేది.

అందుకే ఈసారి అన్నీ అడిగాను. ఆయన కూడా ఓపిగ్గా చెప్పారు. ఒళ్ళు ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం లాంటివి ఎక్కువగా నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళకు వచ్చే కష్టాలట. కండలు పెంచడానికి వాడే స్టెరాయిడ్లు వేరే రకం. కీలులో వేసే మందు ఎక్కువగా అక్కడే పనిచేస్తుంది గానీ, కొంత రక్తంలోకి వెళ్తుంది, షుగర్ పెరిగేది అందుకే. ఒకే కీలుకు ఏడాదికి మూడు నాలుగు సార్లకు మించి వెయ్యరు, పదే పదే వేస్తే కీలులో ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థి దెబ్బతినే ప్రమాదం ఉంది. రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, జ్వరం గానీ చర్మం మీద పుండు గానీ ఉందా అని ఆయనే అడిగారు. షుగర్ డాక్టర్‌తో మాట్లాడి, మందు ఎంతవరకు పెంచవచ్చో రాయించుకున్నాకే తేదీ ఖాయం చేసుకున్నాను.

ఇంజెక్షన్ సంగతి రెండు నిమిషాల్లో అయిపోయింది. సీసాను బాగా కుదిపారు. మందు పాలలా తెల్లగా ఉంది, కదపకపోతే అడుక్కి చేరుతుందట. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములు, దాంతోపాటు తిమ్మిరి మందు. భుజం వెనకవైపు నుంచి సూది దించారు. చురుక్కుమంది, తర్వాత లోపల ఏదో నిండుతున్నట్టు బరువు. పది నిమిషాలకు నొప్పి మాయం. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఆ సంతోషం సాయంత్రానికల్లా పోయింది. అది తిమ్మిరి మందు మహిమే, కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఆ రాత్రి నొప్పి ఇంతకు ముందుకన్నా ఎక్కువైంది. కొందరికి ఒకటి రెండు రోజులు ఇలా రేగుతుందని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. ఐస్‌ను గుడ్డలో చుట్టి పావుగంట చొప్పున పెట్టుకున్నాను. జ్వరం వచ్చినా, కీలు ఎర్రగా వేడెక్కి వాచినా వెంటనే రమ్మన్నారు, అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అరుదే అయినా ఆలస్యం చెయ్యకూడని సంగతి. మర్నాడు ముఖం ఎర్రబడి వెచ్చగా అనిపించింది గానీ రెండు రోజుల్లో తగ్గింది.

షుగర్ రోజుకు నాలుగుసార్లు చూసుకున్నాను. మామూలుగా పరగడుపున 130 ఉండేది రెండో రోజుకు 214, మూడో రోజు మధ్యాహ్నం 278. చీటీలో రాసిన ప్రకారం మందు సర్దుకున్నాను. ఏడో రోజుకు మళ్ళీ 140 దగ్గరికి దిగింది. మడమకు వేసినప్పటిలాగే అంకెలు పెరిగాయి, కానీ ఈసారి భయంతో నిద్ర చెడలేదు.

అయిదో రాత్రి కుడివైపు తిరిగి పడుకున్నానని తెల్లారాక గాని తెలియలేదు.

అయితే నొప్పి తగ్గినంత మాత్రాన చెయ్యి లేవలేదు. మందు వాపును తగ్గిస్తుంది, బిగుసుకున్న పొరను మనమే సాగదియ్యాలి. ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపడం, గోడ మీద వేళ్ళను సాలీడులా పైకి పాకించడం, కర్ర పట్టుకొని చేతిని పక్కకు నెట్టడం. ఫిజియోథెరపీ అమ్మాయి, వేళ్ళు చేరిన చోట గోడ మీద పెన్సిల్ గీత పెట్టి పక్కన తేదీ రాయమంది. మొదటి గీత నా కళ్ళ ఎత్తులో ఉంది. నాలుగు వారాలకు గీతలు జానెడు పైకి వెళ్ళాయి. నొప్పి లేని ఆ వారాల్లోనే ఎక్కువ దూరం పాకాయి.

పదో వారంలో నొప్పి కాస్త మళ్ళీ తొంగిచూసింది. కావాలంటే ఇంకొకటి వెయ్యవచ్చన్నారు డాక్టర్. గీతలు ఇంకా పైకే వెళ్తున్నాయి కాబట్టి ఇప్పుడొద్దన్నాను, ఆయనా సరేనన్నారు. ఆరో నెలలో దువ్వెన నడినెత్తికి చేరింది. చెయ్యి వెనక్కి పెడితే నడుము దాటి పైకి ఇంకా వెళ్ళడం లేదు. ఇది పూర్తిగా వదలడానికి ఏడాది, రెండేళ్ళు కూడా పట్టవచ్చట. పెన్సిల్ ఇప్పటికీ ఆ గోడ పక్కనే ఉంది.