ఏడు గేదెలు, ఒక ప్రాంసరీ నోటు

మాది ఇప్పటి పల్నాడు జిల్లాలో ఒక ఊరు. నరసరావుపేటకు పొద్దున ఆటో ఎక్కితే మధ్యాహ్నానికి పని చూసుకుని తిరిగి రావచ్చు. మా ఆయన తాపీ పని చేస్తారు. నేను జాకెట్లు కుడతాను, మిరప కోతల కాలంలో కోతలకు వెళ్తాను. 2020 అక్టోబరులో ఆయన పరంజా మీద నుంచి పడి కాలు విరిగింది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోయింది. కానీ ఆరు నెలలు పని లేకుండా ఇల్లు గడవాలి కదా. మా ఊరి ఆసామి ఒకాయన దగ్గర 20,000 తెచ్చాను. నూటికి మూడు రూపాయల వడ్డీ. ప్రాంసరీ నోటు మీద ఇద్దరం సంతకాలు పెట్టాం.

నెలకు 600 వడ్డీ. ఇది పెద్ద మొత్తంగా కనిపించదు, అక్కడే మనిషి ఇరుక్కుంటాడు. ఒకసారి కోతల డబ్బు 5,000 చేతికొస్తే అసలులో జమ చేసుకోమని పట్టుకెళ్ళాను. “ముక్కలు ముక్కలుగా నాకెందుకమ్మా, మొత్తం ఒకేసారి తెచ్చి నోటు తీసుకెళ్ళు” అన్నాడు. ఆ 5,000 ఇంట్లో ఎన్నాళ్ళుంటాయి? పాప ఫీజుకి పోయాయి. పైగా అప్పున్న వాళ్ళం కాబట్టి కోతలు మొదలైతే ముందు ఆయన తోటకే వెళ్ళాలి. ఎవరూ అలా అని చెప్పలేదు, కానీ వెళ్ళకపోతే బాగుండదు.

2022 ఫిబ్రవరిలో ఊళ్ళో పొదుపు గ్రూపుల పని చూసే యానిమేటరమ్మ మా వీధికి వచ్చి కొత్త పొదుపు గ్రూపు పెడదామంది. నేను మొదట ఒప్పుకోలేదు. దానికి రెండు కారణాలు. ఒకటి మా అమ్మ. 2010లో మా అమ్మ వాళ్ళ ఊళ్ళో మైక్రో ఫైనాన్స్ వాళ్ళు గ్రూపులు కట్టించి అప్పులిచ్చారు, వారం వారం కిస్తీ. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు వాళ్ళ గుమ్మం ముందు కూర్చోవాలి. అమ్మ వెనక తలుపు నుంచి పొలానికి వెళ్ళిపోవడం, “అమ్మ లేదు” అని నేను అబద్ధం చెప్పడం నాకింకా గుర్తే. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చాకే ఆ వసూళ్ళ జోరు తగ్గింది. రెండోది మా అత్త. ఆవిడ పాత డ్వాక్రా మనిషి. 2014 ఎన్నికలప్పుడు రుణమాఫీ వస్తుందని నమ్మి వాళ్ళ గ్రూపంతా వాయిదాలు కట్టడం మానేసింది. వడ్డీ పెరిగింది, బ్యాంకు వాళ్ళు ఖాతాను బకాయిలో పెట్టారు, గ్రూపులో మాటలు పోయాయి. “పొదుపు చెయ్యి, సంతకం మాత్రం పెట్టకు” అని అత్త సలహా. సంతకం లేకుండా పొదుపెలా చేస్తారో ఆవిడకే తెలియాలి.

చివరికి చేరింది యానిమేటరమ్మ చెప్పిన ఒక్క మాట వల్ల: “ముందు ఆరు నెలలు బ్యాంకు అప్పు మాటే ఉండదు. మీ డబ్బు మీరే తిప్పుకోవాలి.”

పదిమందిమి చేరాం. తలా నెలకు 200. పదో తరగతి చదివానని నన్ను రెండో లీడర్ని చేసి, పుస్తకం రాసే పని అంటగట్టారు. మొదటి లీడర్ మా వీధి చివర చిల్లర కొట్టు నడిపే అక్క. పంచసూత్రాలని ఒక కాగితం ఇచ్చారు. క్రమం తప్పకుండా కూర్చోవాలి, పొదుపు కట్టాలి, లోపల అప్పులిచ్చుకోవాలి, తిరిగి కట్టాలి, లెక్కలు ఎప్పటికప్పుడు రాయాలి. చదివితే బడిలో ప్రతిజ్ఞ లాగా ఉంది. చెయ్యడానికి కూర్చుంటే తెలిసింది.

బ్యాంకు ఖాతా తెరవడానికే మూడు సార్లు తిరిగాం. తీర్మానం కాపీ, గ్రూపు ఫోటో, లీడర్ల రబ్బరు స్టాంపులు అన్నీ తీసుకెళ్తే, కౌంటర్లో ఉన్నాయన పదిమంది ఆధార్లూ కావాలన్నాడు. మాలో ఒక పెద్దమ్మకు ఆధార్‌లో ఇంటిపేరు తప్పు పడింది. అది సరిచేయించడానికి ఆవిడ రెండు రోజుల కూలి పోగొట్టుకుంది. పొదుపు ఖాతా తెరవడానికి లీడర్ల కాగితాలు సరిపోతాయని, సభ్యులందరివీ అడగక్కర్లేదని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉందని తర్వాత యానిమేటర్ల పైన గ్రూపుల పని చూసే సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటర్) గారు చెప్పారు. అప్పటికి ఆధార్ సరైపోయింది. “పోన్లే, పింఛనుకి పనికొస్తుంది” అంది పెద్దమ్మ.

మూడో నెల మీటింగులో చేతిలో 6,000 ఉన్నాయి. ఎవరికి కావాలి అని అడిగితే అందరం చాప మీద గీతలు గీస్తూ కూర్చున్నాం. డబ్బు అందరికీ కావాలి, అడగడానికే సిగ్గు. చివరికి పక్కింటి వదిన 2,000 అడిగింది, గ్యాస్‌కీ కరెంటు బిల్లుకీ. నూటికి రూపాయి వడ్డీ అని మేమే పెట్టుకున్నాం. పై నెల 20 రూపాయల వడ్డీతో తెచ్చి చాప మీద పెట్టింది. ఆ 20 రూపాయలు నేను పుస్తకంలో రాస్తుంటే పదిమందీ తొంగి చూశారు. నేను నెలనెలా 600 తీసుకెళ్ళి ఆసామి చేతిలో పెట్టేదాన్ని, ఎక్కడా ఒక్క అక్షరం ఉండేది కాదు. ఇక్కడ 20 రూపాయలకు తేదీ, పేరు, సంతకం. ఇంటికొచ్చి మా పాప నోటుబుక్కు చివరి పేజీలో ఆసామికి అప్పటిదాకా కట్టిన వడ్డీ లెక్కేశాను. 11,000 దాటింది. అసలు 20,000 అలాగే ఉంది.

ఆరు నెలలు దాటాక లింకేజీకి, అంటే గ్రూపుకి బ్యాంకు ఇచ్చే అప్పుకి, కాగితాలు మొదలయ్యాయి. అందులో సూక్ష్మ రుణ ప్రణాళిక అని ఒకటి రాయాలి. ఎవరికి ఎంత కావాలి, దేనికి, ఎలా తీరుస్తారు అని. యానిమేటరమ్మ వరసగా అడుగుతూ వచ్చింది. మొదటి లీడర్ కొట్టులోకి సరుకు అంది. రెండో ఆవిడ గేదె అంది. మూడో ఆవిడా గేదే. నా దాకా వచ్చేసరికి నాలుగు గేదెలయ్యాయి, నేను ఐదోది చెప్పాను. మొత్తం ఏడు. యానిమేటరమ్మ పెన్ను కింద పెట్టి, “ఏడు గేదెలకి ఊళ్ళో గడ్డి ఎక్కడుందమ్మా?” అంది.

ఎవరికీ గేదె వద్దు. బ్యాంకు వాళ్ళు ఆదాయం వచ్చే పని అడుగుతారని, అప్పు తీర్చడానికి అంటే ఇవ్వరని మా భయం. “ఎక్కువ వడ్డీ అప్పు తీర్చుకోవడానికి అని రాయొచ్చు, అది నిబంధనల్లోనే ఉంది. ఇల్లు బాగుచేసుకోవడానికైనా రాయొచ్చు. నిజం చెప్పండి” అందావిడ. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు పెద్దమ్మే నోరు తెరిచింది. కూతురి పెళ్ళికి తెచ్చిన 30,000, నూటికి ఐదు రూపాయల వడ్డీ. ఇంట్లో కొడుక్కి కూడా తెలీదట. తర్వాత నేను చెప్పాను. పక్కింటి వదిన చెప్పింది. ఒక్కో గేదే చచ్చిపోతూ వచ్చింది. ఆ మధ్యాహ్నం నేను గ్రూపులో చేరినందుకు మొదటిసారి సంతోషపడ్డాను. ఒకే వీధిలో పక్కపక్కన ఉంటూ ఎవరికెంత అప్పుందో మాకు తెలియదు, తెలిసింది అప్పిచ్చిన వాళ్ళకే.

బ్యాంకు లక్షన్నర ఇస్తుందని తెలిశాక మళ్ళీ పేచీ. తలా 15,000 సమానంగా పంచుకుందామని కొందరు. చాలా గ్రూపుల్లో ఇలాగే చేస్తారు, గొడవ ఉండదని. నాకది తప్పనిపించింది. అవసరం లేనివాళ్ళ చేతిలో 15,000 పడితే చీరల్లోనో ఫోన్లోనో పోతుంది. అవసరం ఉన్నవాళ్ళకి ఐదు వేలు తక్కువై ఆసామి నోటు అలాగే ఉంటుంది. రెండు మీటింగులు కొట్లాడాక పెద్దమ్మకు 30,000, నాకూ కొట్టు అక్కకూ చెరో 20,000 అని తేలింది. ఇద్దరు 10,000 చాలన్నారు. మిగిలిన ఐదుగురూ 12,000 చొప్పున తీసుకున్నారు. నేను రెండో లీడర్ని కాబట్టి ఎక్కువ రాసుకున్నానని ఒకామె అంది. ఆ మాట ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

2022 నవంబరులో డబ్బు పడింది. ఏ తాకట్టూ లేదు, జామీనూ లేదు. 7 శాతం వడ్డీ, 24 నెలలు. గ్రూపు వాయిదా నెలకు 6,700 పైచిలుకు, అందులో నా వంతు 900 లోపే. ఆసామికి నెలకు 600 కడుతుంటే అసలు కదిలేది కాదు. దానికి ఇంకో 300 కలిపితే రెండేళ్ళలో అసలూ వడ్డీ రెండూ తీరిపోతాయి. ఈ లెక్క మా ఆయనకు మూడు సార్లు చెప్పాల్సి వచ్చింది, ఎక్కడో మోసం ఉందనే ఆయన అనుమానం. గడువులో కడితే ఆ వడ్డీ కూడా సున్నా వడ్డీ పథకం కింద వెనక్కి వస్తుందని సీసీ గారు చెప్పారు.

మర్నాడే ఆసామి ఇంటికి వెళ్ళాను. ఆయన డబ్బు రెండు సార్లు లెక్కపెట్టి, బీరువాలో నోటు కోసం అరగంట వెతికాడు. దొరికాక చించబోతే, “నాకివ్వండి బాబాయ్, నేనే చించుకుంటా” అన్నాను. ఇంటికి తెచ్చాను, చించలేదు. బియ్యం డబ్బా కింద ఉంది.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకున్నాను. రెండు నెలలకి పక్కింటి వదిన కొడుక్కి డెంగీ వస్తే, గ్రూపు పొదుపులో నుంచి 4,000 తీయడానికి బ్యాంకుకి వెళ్ళాం. రాలేదు. ఖాతాలో పదకొండు వేల చిల్లర ఉంది, కానీ అప్పు తీరేదాకా అది తీయకుండా హోల్డ్ పెట్టారట. “లోనుకి గ్యారంటీ ఉండాలి కదమ్మా” అన్నారు లోపల. మా డబ్బు మేము ముట్టుకోకూడదు, పైగా బయట నూటికి మూడుకి తెచ్చుకోవాలి! ఆ రోజు తలా కొంత చేబదులు వేసి వదినకిచ్చాం. బస్సులో తిరిగొస్తుంటే కొట్టు అక్క ఏడుపు ఆపుకోలేకపోయింది.

సీసీ గారికి చెబితే, రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ కాపీ తీసి ఒక చోట గీత గీసిచ్చారు. సంఘాలకు 10 లక్షల దాకా ఇచ్చే అప్పులకు తాకట్టు అడగకూడదు, పొదుపు ఖాతా మీద హోల్డ్ పెట్టకూడదు, డిపాజిట్ చేయమనకూడదు. అది పట్టుకుని పదిమందిమీ వెళ్ళాం. ఇద్దరు లీడర్లు వెళ్తే “రేపు రండి” అంటారు, పదిమంది వెళ్తే కుర్చీలు చూపిస్తారు. ఇది నేను నేర్చుకున్న పాఠం. మేనేజర్ గారు ఆ కాగితం చదివి, పై ఆఫీసుకి రాస్తామన్నారు. వారం తర్వాత హోల్డ్ పోయింది. ఎవరూ పొరపాటైందని అనలేదు, మేమూ అడగలేదు. కొత్తగా గ్రూపు పెట్టేవాళ్ళు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. లోను పడ్డ మర్నాడే పొదుపు ఖాతాలో నుంచి ఒక వంద తీసి చూడండి.

2023 వేసవిలో మాలో ఒకామె, 12,000 తీసుకున్నామె, భర్తతో హైదరాబాదు బిల్డింగు పనులకి వెళ్ళిపోయింది. మూడు నెలలు వాయిదా రాలేదు, ఫోన్ ఎత్తలేదు. నెలకు 537 రూపాయలు, తొమ్మిదిమందిమి తలా 60 వేసి కట్టాం. ఆమె అత్తగారి గుమ్మం ముందు కూర్చుందామని ఒకరన్నారు. నా కడుపులో తిప్పింది. నేను రానన్నాను. “నీ అరవై నువ్వు పోగొట్టుకో, మావి కూడా పోగొడతావా?” అన్నారు, అదీ న్యాయమే. వాళ్ళు వెళ్ళారు, నేను వెళ్ళలేదు. ఆ అత్తగారు లోపలి నుంచి రాలేదట. నాలుగో నెల ఆమే ఫోన్ చేసింది. మేస్త్రీ డబ్బులివ్వకుండా తిప్పుకున్నాడట. అప్పటి నుంచి ఫోన్‌పేలో పంపింది, కొన్ని నెలలు సగం. ఆమె వెనక్కి వచ్చాక కూడా కూర్చున్నవాళ్ళతో ముభావంగానే ఉంటుంది. గ్రూపు బాధ్యత అంటే ఇదే అంటారు మీటింగుల్లో. అవసరమే కావచ్చు, అందంగా మాత్రం ఉండదు.

2024 నవంబరుకి చివరి వాయిదా కట్టేశాం. రెండో లింకేజీకి మళ్ళీ చాప మీద కూర్చున్నాం. నా పేరు ఎదురుగా “మోటారు కుట్టు మిషన్” అని రాసుకుంది యానిమేటరమ్మ. నిజంగానే కొంటావా అని అడగలేదు. పెద్దమ్మ వంతు వచ్చింది.

“గేదె” అంది.

అందరం పడీపడీ నవ్వాం. “నవ్వకండే, ఈసారి నిజంగానే” అందావిడ. కొనింది కూడా. ఇప్పుడు పొద్దున్నే అరలీటరు పాలు వాళ్ళింటి నుంచే తెచ్చుకుంటున్నాం. నీళ్ళు మాత్రం కాస్త ఎక్కువే కలుపుతుంది.