గోల్కొండ గోడకు బయటి వైపు

గోల్కొండలో ఏ గైడును పెట్టుకున్నా కథ ఒకటే. కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినబడుతుంది, రామదాసును పెట్టిన జైలు ఇది, ఔరంగజేబు ఎనిమిది నెలలు కొట్టుకున్నా కోట చిక్కలేదు, చివరికి ఒక ద్రోహి తలుపు తీశాడు. అంతే. ఎనిమిది నెలలు ఒక్క ముక్కలో అయిపోతాయి. "మరి అన్ని నెలలు బయట ఉన్న సైనికులు ఏం చేశారు?" అని అడిగితే మా గైడు "గుడారాల్లో ఉన్నారు సార్" అని తర్వాతి మెట్టెక్కాడు. అడిగినంత డబ్బు తీసుకున్నవాడు ఇంకో రెండు మాటలు చెప్పొచ్చు కదా అని నాకు ఒళ్లు మండింది.

అందుకని కరీంనగర్ నుంచి మా బావ వచ్చినప్పుడు, కోట ఎక్కకుండా గోడ పక్కన బయటే నడుద్దాం అన్నాను. "కోట చూడనీకి పోయి బయట తిరుగుడేంది?" అన్నాడు బావ. అయినా వచ్చాడు. టోలీచౌకి నుంచి సెవెన్ టూంబ్స్ దాకా ఆటోవాడు 150 అడిగాడు. మెట్రో లేని దిక్కుకు పోతే ఇదే బాధ, వాళ్లు చెప్పిందే రేటు.

ఆగస్టు నెల, ముందురోజు రాత్రంతా వాన. నాకైతే అదే కావాలి. కుతుబ్ షాహీ సమాధుల తోట దాటి బంజారా దర్వాజా వైపు వచ్చి, తారు రోడ్డు వదిలి గోడ వైపు దిగాం. నాలుగడుగులకే బావ చెప్పు బురదలో ఉండిపోయింది. దూరం నుంచి చూస్తే ఆ గోడ పెద్ద ఎత్తేం అనిపించదు. కందకం దగ్గరికి వచ్చి తలెత్తితే అప్పుడు తెలుస్తుంది. బురుజు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, కాబట్టి గోడకు ఆనుకుని నిలబడ్డా పక్క బురుజు మీదున్నవాడికి నువ్వు కనబడుతూనే ఉంటావు. బయటి గోడకు ఇలాంటివి 87 ఉన్నాయంటారు. కందకంలో ఇప్పుడు నీళ్లకంటే ప్లాస్టిక్ ఎక్కువ.

గోడ మీద నలుగురు పోరగాళ్లు కూర్చుని మక్కకంకులు తింటున్నారు. మమ్మల్ని చూసి వాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది. మేం కుడికి పోతే వాళ్లూ పైన కుడికి, ఆగితే వాళ్లూ ఆగుతారు. "అంకుల్, రాస్తా నహీ హై!" అని ఒకడు అరిచాడు. తర్వాత తినేసిన కంకి ఒకటి వచ్చి బావ కాళ్ల దగ్గర పడింది. బావ తిట్టాడు, వాళ్లు నవ్వారు. మేం కింద చెమటలు కక్కుతూ ముళ్లకంపలు తప్పించుకుంటున్నాం, వాళ్లు కాళ్లూపుకుంటూ చూస్తున్నారు. నాకు కోపం కూడా రాలేదు, ఒక రకమైన సిగ్గు వేసింది. నలుగురు పిల్లలు ఒక అరగంట చూస్తేనే ఇట్లా ఉంటే, 1687 జనవరి చివర్లో ఇక్కడికి వచ్చి సెప్టెంబరు దాకా, పైనుంచి ఫిరంగులు గురిపెట్టి చూస్తుంటే, మట్టి తవ్వుతూ ఉన్నవాళ్ల సంగతేంటి?

వాళ్లు చేసిన పని ముఖ్యంగా మట్టిపనే. కందకం పూడ్చడానికి బట్ట సంచుల్లో మన్ను నింపి మోశారు. మొదటి సంచిని ఔరంగజేబే స్వయంగా కుట్టాడని రాశారు. మే నెలలో ఒక రాత్రి తాళ్ల నిచ్చెనలు వేసి కొందరు గోడెక్కితే ఒక ఊరకుక్క మొరిగి లోపలివాళ్లను లేపింది. ఆ కుక్కకు గోల్కొండ సుల్తాను తానీషా బంగారు గొలుసు వేయించాడట. జూన్‌లో బురుజు కింద సొరంగం తవ్వి మందుగుండు పెడితే, పేలుడు వెనక్కి తన్ని రాళ్లన్నీ మొఘల్ సైనికుల మీదే పడ్డాయి. ఇంకో సొరంగంలో మందు అసలు అంటుకోలేదు, లోపలివాళ్లు ముందే పసిగట్టి నీళ్లు పోశారు. ఆపైన వానలు. కట్టిన మట్టిదిబ్బలు కరిగిపోయాయి, కందకాలు చెరువులయ్యాయి, మంజీరా పొంగి ధాన్యం రావడం ఆగింది. కరువు, రోగాలు. లోపల మాత్రం గాదెల్లో తిండికి కొదవ లేదు. ముట్టడి వేసినవాడు ఆకలితో చస్తుంటే ముట్టడిలో ఉన్నవాడు కడుపునిండా తింటున్నాడన్నమాట. ఇదెందుకు చెప్పవు గైడూ?

షా హాతిమ్ తలాబ్ పక్కనుంచి ఒక గుట్టను చుట్టిన నయా ఖిలా గోడ కనబడుతుంది. 1656లో ఔరంగజేబు యువరాజుగా మొదటిసారి వచ్చిపోయాక, ఈ గుట్ట మీదికి ఫిరంగులు ఎక్కిస్తే కోటకు ముప్పని కుతుబ్ షాహీలు దాన్ని కూడా గోడలో కలిపేసుకున్నారు. రెండోసారి వచ్చిన సిపాయిలకు ఆ దారి కూడా లేదు. ఇప్పుడు అందులో గోల్ఫ్ మైదానం ఉంది. అటు దక్షిణం వైపు చాలా దూరం మిలిటరీ స్థలం, అక్కడ మనలాంటివాళ్లు నడవడానికి లేదు. అందుకే మళ్లీ ఆటో ఎక్కి, మళ్లీ బేరమాడి, ఫతే దర్వాజా దగ్గర దిగాం.

1687 సెప్టెంబరు 21 రాత్రి తానీషా సేనాని అబ్దుల్లా ఖాన్ పన్నీ, గైడు చెప్పిన ఆ ద్రోహి, లంచం తీసుకుని తలుపు తీశాక మొఘలులు లోపలికి దూసుకొచ్చారు. ఆ గెలుపు పేరే ఈ దర్వాజాకు ఉండిపోయింది. ఏనుగులు తలతో కుమ్మకుండా తలుపులకు కొట్టిన ఇనుప మేకులు ఇంకా ఉన్నాయి. ఆ ఒంపు దారిలో ఒక ఆర్టీసీ బస్సు, రెండు ట్రాలీ ఆటోలు ఎదురుపడి ఇరవై నిమిషాలు ఎవడూ వెనక్కి తగ్గలేదు. పట్టుకోవడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, తానీషా తీరిగ్గా భోజనం చేసి వస్తానన్న కథ బావకు అప్పుడు చెప్పాను. "ఎనిమిది నెలలు పస్తులుండి వచ్చినోళ్ల ముందు తిన్నడా? వాళ్లకు పెట్టిండా లేదా?" అన్నాడు బావ. నాకు తెలియదు. మాకూ అప్పటికి ఆకలి మండిపోతోంది.

తిన్నాక ఇంకొకటి చూడాలనుకున్నా. ముట్టడిలో ఫిరంగి గుండుకు చెయ్యి పోయిన ఖిలిచ్ ఖాన్ సమాధి హిమాయత్ సాగర్ వైపు ఉంది. వైద్యులు భుజంలోంచి ఎముక ముక్కలు తీస్తుంటే ఆయన కాఫీ తాగుతూ మాట్లాడాడట, రెండు మూడు రోజులకే పోయాడు. ఆయన మనవడే మొదటి నిజాం. బయట నిలబడి చచ్చిపోయినవాళ్లలో పేరు మిగిలింది ఇలాంటి పెద్దవాళ్లకే. లంగర్ హౌజ్‌లో ముగ్గురు ఆటోవాళ్లను అడిగాం. ఇద్దరు రామన్నారు. మూడోవాడు నాలుగొందలు అడిగి, "అటు పోతే రిటన్ గిరాకీ దొరకదు అన్నా" అన్నాడు. బావ అప్పటికే మెహిదీపట్నం బస్సెక్కేశాడు.