టీబీడీ అని రాసింది నేనే

నిన్న సాయంత్రం మా రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్‌కి (సాఫ్ట్‌వేర్ ఏమేం చెయ్యాలో రాసుకునేది) సైనాఫ్, అంటే తుది ఆమోదం, వచ్చింది. ఆరు వారాలు పట్టింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నాలుగేళ్ల నాటి ప్రాడక్ట్. కోడ్ ఎక్కడికో వెళ్లిపోయింది, డాక్యుమెంట్ ఉన్నచోటే ఉండిపోయింది. రెండింటినీ కలపాలి. ఫైళ్లన్నీ ఒకచోట చేర్చడానికి ఒక రోజు, రెండేసి చోట్ల ఉన్నవి తీసెయ్యడానికి ఇంకో రెండు రోజులు.

అసలు కథ రివ్యూ కాల్‌లో జరిగింది. రీఫండ్ గడువు డాక్యుమెంట్‌లో 7 రోజులు, కోడ్‌లో 10, యూజర్ మాన్యువల్‌లో 'త్వరలో'. "ఏది కరెక్టు అండీ?" అని టెస్టర్ అడిగింది. "డాక్యుమెంటే. డెవలపర్లు ఇష్టమొచ్చినట్టు మార్చేశారు" అని గట్టిగానే అన్నాను. డెవలపర్ మారు మాట్లాడకుండా స్క్రీన్ షేర్ చేసి పాత మెయిల్ తెరిచాడు. "10కి మార్చేయండి, డాక్యుమెంట్ సంగతి రిలీజ్ అయ్యాక నేను చూసుకుంటాను." కింద నా పేరు! క్లయింట్ కూడా ఉన్నారు ఆ కాల్‌లో.

అంతటితో అయిపోలేదు. తర్వాతి పేజీలో మూడు చోట్ల టీబీడీ ('టు బి డిటర్మిన్డ్', అంటే ఇంకా తేల్చాల్సింది). "దీన్ని ఎవరు, ఎప్పటికి తేల్చాలి?" అని క్లయింట్ అడిగారు. టీబీడీ పెడితే కారణం, బాధ్యుడు, గడువు పక్కనే రాయాలని ఇలాంటి డాక్యుమెంట్ల కోసం వచ్చిన పాత ప్రమాణం ఐఈఈఈ 830 (2011లో దాని స్థానంలో వేరేది వచ్చింది) స్పష్టంగా చెప్పింది. కొత్తగా చేరిన పిల్లలకు ఆ పాఠం చెప్పేది నేనే. ఆ మూడూ పెట్టిందీ నేనే. హిస్టరీలో తేదీతో సహా కనిపిస్తోంది.

ఆ రాత్రి కూర్చుని తేడాలన్నీ లెక్కపెట్టాను: 41. ఒక్కోదానికీ టికెట్ (చెయ్యాల్సిన పని నమోదు), ఒక మనిషి, ఒక తేదీ. డాక్యుమెంట్‌ని కళ్లు మూసుకుని కోడ్‌కి తగ్గట్టు మార్చేయకండి. మా దగ్గర ఎనిమిది చోట్ల డాక్యుమెంటే కరెక్టు, కోడ్‌లో ఉన్నవి బగ్‌లు. ఐదు రిక్వైర్‌మెంట్లు ఎవరికీ అక్కర్లేదని తేలితే కొట్టేశాం. ఇలా తర్వాత చూద్దామని వాయిదా వేసిన పనిని మా రంగంలో 'టెక్నికల్ డెట్', అంటే అప్పు, అంటారు; అన్నిటికంటే చవగ్గా తీరిన బాకీ ఆ ఐదే.

మా మేనేజర్ మాత్రం మొదటి నుంచీ "ఎజైల్‌లో డాక్యుమెంట్లెందుకు?" అంటూనే ఉన్నాడు. ఎజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న విడతల్లో తయారుచేసే పద్ధతి. 2001 నాటి ఎజైల్ మ్యానిఫెస్టో (దాని మూల సూత్రాల ప్రకటన) పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువిచ్చింది గానీ డాక్యుమెంట్లు వద్దనలేదు. చదవని వాళ్లే దాన్ని ఎక్కువగా ఉదహరిస్తారు. 1992లో ఈ అప్పు పోలిక తెచ్చిన ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ కూడా అప్పు చెయ్యొద్దనలేదు, త్వరగా తీర్చకపోతేనే ప్రమాదమన్నాడు. ఇప్పుడు మా టీమ్‌లో రిక్వైర్‌మెంటూ టెస్ట్ కేసూ మార్చనిదే ఏ ఛేంజ్ టికెట్టూ మూయడానికి లేదు. ఆ రూల్ పెట్టించింది నేనే, కాస్త గొప్పగానే చెప్పుకుంటాను.

యూజర్ మాన్యువల్‌లో 'త్వరలో' మాత్రం ఇంకా అలాగే ఉంది. అది వేరే టీమ్ ఫైలు. ఎడిట్ పర్మిషన్ అడిగి పది రోజులైంది.