గ్రీన్ వుడ్ అంటే రంగు కాదు
నిన్న సాయంత్రం ఒడిశాలోని మా పర్లాకిమిడి ఇంట్లో మేనకోడలు ఇంగ్లీష్ పాఠం చదువుతూ "గ్రీన్ వుడ్" అంటే ఆకుపచ్చ రంగేసిన చెక్క అని రాసుకుంది, నేను చెప్పేలోపే పక్కన చిత్రిక పడుతున్న మా నాన్న విని "రంగు కాదమ్మా, పచ్చి చెక్క అయ్యుంటాది" అన్నారు. ఆయనకి ఇంగ్లీష్ రాదు! ఈమధ్యే కొట్టిన మామిడి చెక్క తెచ్చి కోసిన చోట మేనకోడలి వేలు పెట్టించారు, చల్లగా చెమ్మ. దీంతో తలుపు చేస్తే ఆరేకొద్దీ మెలితిరిగిపోతాదంట.

ఇంక దానికి ఆగలేదు, అన్నీ అడిగింది. పని తెలీని కొత్త కుర్రాడూ గ్రీనే, అసూయపడినా గ్రీనే, గ్రీన్స్ అంటే ఆకుకూరలు, ఇంగ్లండ్‌లో ఊరి మధ్య గడ్డిమైదానం కూడా గ్రీనే. గ్రో, గ్రాస్, గ్రీన్ ఒకే మూలం నుంచి వచ్చినవే. మనకీ అంతే కదా, పచ్చ రంగు, పచ్చి కాయ, "పచ్చగా ఉండమ్మా" అని దీవెన, అయితే పచ్చకామెర్లలో పచ్చ మాత్రం పసుపు. పక్కింటి ఒడియా వాళ్లకి రంగు సబుజ, పచ్చికాయ కంచా, మాటలే వేరు. మూడు భాషల మధ్య పెరగడం ఎంత అదృష్టమో నిన్న మళ్లీ అనిపించింది.

అది రాసింది చెరిపేసి "ఇంకా ఆరని చెక్క" అని రాసుకుంది.