భావోద్వేగం కోసం గీసిన దారిలో జ్ఞాపకం దొరికింది

మొదటి సంవత్సరం ఎంబీబీఎస్ పిల్లలకు మెదడు డిసెక్షన్ మొదలయ్యే వారంలో నాకు ప్రతి ఏడాదీ ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. గుండెను చేతిలోకి తీసుకుని "ఇదిగో గుండె" అనవచ్చు. కాలేయాన్ని ట్రేలో పెట్టి "ఇదిగో కాలేయం" అనవచ్చు. లింబిక్ వ్యవస్థను మాత్రం అలా ఎత్తి చూపించడానికి వీల్లేదు. "భావోద్వేగాల కేంద్రం అంటారు కదా మేడమ్, అది ఎక్కడుంది?" అని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. ఆ మాట పత్రికల ఆరోగ్య శీర్షికల్లో, వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో ఎంతగా నలిగిందంటే, అటువంటి కేంద్రం ఒకటి లేదని చెప్పడానికే నాకు సగం క్లాసు పడుతుంది.

నెలల తరబడి ఫార్మలిన్‌లో ఉన్న మెదడు పనీర్ ముక్కలా గట్టిపడి కత్తికి చక్కగా లొంగుతుంది. మధ్యగీత వెంట రెండుగా కోసి ఒక సగాన్ని లోపలి ముఖం పైకి ఉండేలా తిప్పి పెడితే, రెండు అర్ధగోళాలనూ కలిపే కార్పస్ కలోసమ్ తెల్లటి విల్లులా కనిపిస్తుంది. దాని వీపును ఆనుకుని వెళ్లే మడత సింగులేట్ జైరస్. ఆ మడత వెనక్కి పోయి, కిందికి వంగి, చెవి పక్కన ఉండే టెంపోరల్ లోబ్ లోపలి అంచున పారాహిప్పోకాంపల్ జైరస్‌గా ముందుకు వస్తుంది. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1878లో అనేక క్షీరదాల మెదళ్లను పోల్చి చూసి, అన్నింటిలోనూ ఈ వలయం ఉందని గమనించి దానికి లింబిక్ లోబ్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో లింబస్ అంటే అంచు. చీరకు అంచు ఎటువంటిదో ఇదీ అటువంటిదే: అది ఎక్కడుందో ఆ పేరు చెబుతుందిగాని, ఏం చేస్తుందో చెప్పదు. ఈ సంగతి విద్యార్థులకు మొదటి రోజే చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

అసలు అందం టెంపోరల్ లోబ్ లోపల ఉంది. మెదడు లోపల ద్రవం నిండి ఉండే గదులలో ఒకదాని కొమ్ము ఈ లోబ్‌లోకి చొచ్చుకు వస్తుంది. ఆ కొమ్మును పక్కనుంచి జాగ్రత్తగా తెరిస్తే, దాని అడుగున నాలుగైదు సెంటీమీటర్ల పొడవున, ముందు కొస కొంచెం ఉబ్బి, నున్నగా తెల్లగా మెరిసే గట్టు ఒకటి బయటపడుతుంది. అదే హిప్పోకాంపస్. 1587లో ఇటలీలోని బొలోన్యాకు చెందిన శరీరనిర్మాణ శాస్త్రవేత్త అరాంజీ దీన్ని చూసి సముద్రగుర్రంతో పోల్చాడు. అదే చోట తెల్లని పట్టుపురుగుతోనూ పోల్చాడు. లోకంలో నిలిచింది సముద్రగుర్రమే అయినా, హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఈ కథ తెలియకుండానే "పట్టుపురుగులా ఉంది మేడమ్" అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఈ గట్టుకు సరిగ్గా ముందు, బాదంపప్పంత పరిమాణంలో అమిగ్డాలా ఉంటుంది. గ్రీకులో ఆ మాటకు అర్థమూ బాదమే. కంటికి బూడిదరంగు ముద్దలా కనిపించినా అందులో కేంద్రకాలు అనే నాడీకణాల గుంపులు పదమూడు దాకా వేర్వేరుగా ఉన్నాయి. హిప్పోకాంపస్ నుంచి బయలుదేరే నాడీతంతువులు దాని పక్కనే అంచుకట్టులా పోగై, వెనక్కి పోయి, పైకి లేచి, కార్పస్ కలోసమ్ కింద కమానులా ముందుకు సాగి, మళ్లీ లోపలికి మునుగుతాయి. ఫోర్నిక్స్ అనే ఈ కమానులో ఒక్కో వైపు పది లక్షలకు పైగా తంతువులుంటాయి. స్కాల్పెల్ పిడితో పై పొరను కొద్దికొద్దిగా గీకుతూ దీన్ని చివరిదాకా వెంబడిస్తే, మెదడు అడుగున రెండు బఠానీ గింజల్లా ఉబ్బి కనిపించే మామిల్లరీ బాడీల దగ్గర దారి ముగుస్తుంది. తొందరపడితే తంతువులు తెగుతాయి. ఈ ఒక్క పనికి నేను రెండు గంటలు కేటాయిస్తాను, సిలబస్ ఎంత వెనకబడినా సరే.

ఆ దారి అక్కడితో ఆగదని 1937లో చెప్పినవాడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జేమ్స్ పాపెజ్. మామిల్లరీ బాడీల నుంచి మెదడు నడుమ ఉండే థాలమస్ ముందుభాగానికి, అక్కడినుంచి సింగులేట్ జైరస్‌కు, అక్కడినుంచి పారాహిప్పోకాంపల్ జైరస్ మీదుగా తిరిగి హిప్పోకాంపస్‌కు చేరే ఒక వలయాన్ని గీసి, భావోద్వేగం పుట్టి తిరిగే యంత్రాంగం ఇదేనని ఆయన ప్రతిపాదించాడు. ఆయన చూపిన ఆధారాలలో ఒకటి మన దేశంలో అందరికీ తెలిసిన రేబిస్. ఆ వ్యాధి సోకిన మనిషి భీతితో, ఉద్రేకంతో అల్లాడిపోతాడు; ఆ వైరస్ గుర్తులుగా నాడీకణాలలో కనిపించే నెగ్రీ బాడీలు హిప్పోకాంపస్‌లో విరివిగా ఉంటాయి. ఆ రెండింటినీ కలిపి, హిప్పోకాంపస్ భావోద్వేగానికి పుట్టిల్లని పాపెజ్ అనుకున్నాడు. తర్వాత 1952లో మెదడు శాస్త్రవేత్త పాల్ మెక్లీన్ ఈ వలయానికి అమిగ్డాలాను, మరికొన్ని భాగాలను చేర్చి, మొత్తానికి లింబిక్ వ్యవస్థ అన్న పేరు స్థిరపరిచాడు. మనిషి తలలో బల్లి మెదడు మీద క్షీరద మెదడు, దాని మీద ఆలోచించే మెదడు అంతస్తులుగా లేచాయన్న సిద్ధాంతం కూడా ఆయనదే. మెదడు పరిణామాన్ని అధ్యయనం చేసేవారు దాన్ని ఏనాడో పక్కన పెట్టారు. ఉపన్యాసకులు మాత్రం ఇంకా వదలలేదు.

పాపెజ్ తప్పు ఎక్కడుందో ఒక శస్త్రచికిత్స బయటపెట్టింది. 1953లో, తీవ్రమైన మూర్ఛలతో బాధపడుతున్న 27 ఏళ్ల హెన్రీ మొలైసన్‌కు రెండు వైపులా టెంపోరల్ లోబ్ లోపలి భాగాన్ని, అంటే హిప్పోకాంపస్‌లో పెద్ద భాగాన్ని, విలియం స్కోవిల్ అనే సర్జన్ తొలగించాడు. పాపెజ్ చెప్పింది నిజమైతే అతని భావోద్వేగాలు మొత్తం తారుమారు కావాలి. తారుమారైంది జ్ఞాపకం. ఆపరేషన్ తర్వాత కలిసిన మనిషి గది దాటి వెళ్లి తిరిగి వస్తే అతనికి కొత్త మనిషే. మాట, తెలివి, చిన్నప్పటి జ్ఞాపకాలు మాత్రం చాలావరకు నిలిచాయి. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీసే పనిని మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ అతనితో వరసగా కొన్ని రోజులు చేయించింది. రోజురోజుకూ చెయ్యి కుదురుకుంది, కాని ఆ పని అంతకుముందు చేసినట్టు అతనికి ఏనాడూ గుర్తులేదు. 2008లో మరణించేదాకా అతను అలాగే బతికాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. లెక్కల మాస్టారుగా రిటైరైన మా నాన్నగారికి మూడేళ్లుగా అల్జైమర్స్ ఉంది. హిప్పోకాంపస్ రెండు వైపులా కుంచించుకుపోయిందని ఎంఆర్ఐ రిపోర్టులో రాసి ఉంటే, నేను రోజూ పాఠం చెప్పే ఆ తెల్లని గట్టును తలుచుకుని చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. "అమ్మాయ్, నేను కాఫీ తాగానా?" అని పొద్దున్నే నాలుగుసార్లు అడుగుతారు. ఒకనాడు మా మేనత్త కొడుకు వచ్చి పొలం గట్టు తగాదా ఎత్తాడు; మాటా మాటా పెరిగి, అతను విసురుగా లేచి వెళ్లిపోయాడు. అరగంట తిరగకముందే అతను వచ్చిన సంగతే నాన్నగారికి గుర్తులేదు. అయినా ఆ సాయంత్రం ఆయన అన్నం ముందు కూర్చుని చెయ్యి కదపలేదు. "ఎందుకో మనసు బాగోలేదమ్మా" అన్నారు. కారణం చెరిగిపోయింది, బాధ మిగిలింది.

ఇది మా ఇంటికే పరిమితమైన వింత కాదు. 1911లో స్విట్జర్లాండ్ వైద్యుడు క్లాపరేడ్, కోర్సకాఫ్ వ్యాధితో కొత్త జ్ఞాపకాలు నిలుపుకోలేని ఒక రోగి చేతిని, తన వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని కలిపాడు. తర్వాత అతను మళ్లీ చెయ్యి చాచినప్పుడు ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎందుకని అడిగితే సూది సంగతి చెప్పలేకపోయింది. సాధారణంగా మద్యం అతిగా తాగేవారిలో, థయామిన్ (విటమిన్ బి1) లోపం వల్ల వచ్చే ఆ వ్యాధిలో దెబ్బతినేవి ఫోర్నిక్స్ చివరన మనం చూసిన మామిల్లరీ బాడీలు, వాటితో కలిసిన థాలమస్ భాగాలు. అంటే పాపెజ్ వలయం తెగినా భయం నేర్చుకోవడం ఆగలేదు. అమెరికాలోని అయోవా పరిశోధకులు 1995లో దీన్ని ముగ్గురు రోగులతో మరింత తేటగా చూపించారు. ఒక రంగు తెరను చూపినప్పుడల్లా వెంటనే చెవులు చిల్లులుపడేలా హారన్ మోగించారు. హిప్పోకాంపస్ దెబ్బతిన్న మనిషికి ఆ రంగు కనబడగానే అరచేతుల్లో చెమట పట్టింది, కాని ఏ రంగు తర్వాత హారన్ మోగిందో చెప్పలేకపోయాడు. అమిగ్డాలా దెబ్బతిన్న మహిళ ఏ రంగుకు హారన్ మోగుతుందో సరిగ్గా చెప్పింది, చెమట మాత్రం పట్టలేదు. రెండూ దెబ్బతిన్న మూడో వ్యక్తికి ఇదీ లేదు, అదీ లేదు. ఒక వేలు వెడల్పు ఎడంలో ఉన్న రెండు ముద్దలు ఒకే అనుభవాన్ని రెండుగా పంచుకుని దాచుకుంటున్నాయన్నమాట.

అయితే అమిగ్డాలాయే భయానికి చిరునామా అనుకోవడమూ తొందరపాటే. అరుదైన ఒక జన్యువ్యాధి వల్ల రెండు అమిగ్డాలాలూ పోయిన ఒక అమెరికన్ మహిళ పాములను నిర్భయంగా పట్టుకుంటుంది, ఎదుటివారి ముఖంలో భయాన్ని పోల్చుకోలేదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆమెకు కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి పీల్పిస్తే, ఊపిరాడని భయంతో కేకలు వేసింది. లోపలినుంచి పుట్టే భయానికి వేరే దారులున్నాయి.

వాసన సంగతి క్లుప్తంగా: మిగతా ఇంద్రియాల సమాచారం థాలమస్ మీదుగా మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కు చేరితే, వాసన మాత్రం థాలమస్‌ను తాకకుండానే అమిగ్డాలాకు, హిప్పోకాంపస్ పొరుగున ఉన్న కార్టెక్స్‌కు నేరుగా చేరుతుంది. అందుకే ఒకప్పుడు ఈ ప్రాంతం మొత్తాన్నీ ముక్కు మెదడు అని పిలిచేవారు. అదీ అతిశయోక్తేనని 1940లలోనే తేలింది. ఇక నాలుగు గ్రాముల బరువుండే హైపోథాలమస్ అమిగ్డాలా మాట విని గుండె వేగాన్ని, చెమటను, హార్మోన్లను మారుస్తుంది. ఆకలి, దప్పిక, శరీర ఉష్ణోగ్రత దాని నిత్యకృత్యాలు. దాన్ని లింబిక్ వ్యవస్థలో చేర్చాలా వద్దా అన్నదానిపై పాఠ్యపుస్తకాలకే ఏకాభిప్రాయం లేదు.

పరీక్షలో మాత్రం ఇప్పటికీ పాపెజ్ వలయం బొమ్మ గీయమనే అడుగుతారు. నేనూ ఆ బొమ్మ బోర్డు మీద గీస్తాను, బాణం గుర్తులు ఒక్కటీ వదలకుండా. దాని పక్కన "విధి: భావోద్వేగం" అని పాత నోట్సులో ఉన్నచోట "జ్ఞాపకం" అని దిద్దుకోమని చెబుతాను. మొన్న ఒక కుర్రాడు రెండూ రాసి, మధ్యలో ప్రశ్నార్థకం పెట్టాడు. మార్కులు పూర్తిగా వేశాను.